పంటు సరంగు కొన్న పందెం పడవ

నరసాపురం రేవులో చంద్రరావు గొంతు ఎరగనివాళ్ళు తక్కువ. ముప్పై నాలుగేళ్ళు ఇంజను పక్కన నిలబడి మాట్లాడిన అలవాటు వల్ల, ఇంట్లో ఉప్పు అడిగినా అవతలి గట్టుకు వినపడేలా అడిగేవాడు. ఎడమ చెవి ఆ ఇంజనుకే అర్పణమైపోయింది. కుడి చెవి మాత్రం పాము చెవి.

అతను పంటు సరంగు. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు అంటే మామూలు పడవ అనుకునేరు. రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి, వాటి మీద ఒక వీధినంతటినీ నిలబెట్టినట్టుంటుంది. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కొబ్బరికాయల వ్యాన్లు, కాలేజీ పిల్లలు, పెళ్ళివారు, వాళ్ళ బ్యాండు మేళం, అందరూ ఒకేసారి ఎక్కుతారు. అది ఒరగదు, ఊగదు, తొందరపడదు. చంద్రరావు ఆ వీధిని రోజుకు ఇరవైసార్లు అటు తీసుకెళ్ళి ఇటు తెచ్చాడు. గోదావరిని అన్నేళ్ళు అడ్డంగా దాటాడే తప్ప, పొడుగునా పది మైళ్ళు పోయిన పాపాన పోలేదు. సముద్రం రెండు గంటల దూరంలో ఉందని తెలుసు. అటు నుంచి వచ్చే గాలిలో ఉప్పు వాసన తెలుసు. అంతే.

అరవయ్యో ఏట, రేవు పాట పాడుకున్న కొత్త కాంట్రాక్టరు కొత్త పంటు తెచ్చాడు. దానితోపాటు కొత్త సరంగునూ తెచ్చుకున్నాడు. చంద్రరావుకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. అతను అందరికీ దణ్ణం పెట్టి ఇంటికి వచ్చేశాడు.

అతని భార్య వీరమ్మ లేసు అల్లుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. ఆమె చేతిలో సూది కదులుతూనే ఉంటుంది, ఒళ్ళో తెల్లదారం ఉండ దొర్లుతూనే ఉంటుంది. భర్త ఇంటిపట్టున ఉన్న పదిహేను రోజులూ ఆమె తల ఎత్తకుండానే అతన్ని గమనించింది. వీధి గుమ్మం దగ్గర నుంచి పెరటి గుమ్మానికి వెళ్తాడు. అక్కడ కాసేపు నిలబడతాడు. మళ్ళీ వీధి గుమ్మానికి వస్తాడు.

"మీరు ఇంట్లో కూడా పంటు నడుపుతున్నారండి," అంది పదహారో రోజున. "విశాఖపట్నం వెళ్ళి అమ్మాయి దగ్గర నాలుగు రోజులుండి రండి. నాకూ కాస్త పని సాగుద్ది."

కూతురు నాగశ్రీ విశాఖలో కాపురం ఉంటోంది. అల్లుడికి పోర్టులో ఉద్యోగం. ఆదివారం సాయంత్రం మామగారిని సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, మొక్కజొన్న పొత్తు కొనిచ్చి, ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు చంద్రరావు ఎదురుగా ఎనిమిదో తొమ్మిదో తెరచాప పడవలు పందెం వేసుకుంటూ పోతున్నాయి. ఒక పక్కకు ఒరిగి, నీళ్ళను కోసుకుంటూ, గట్టుకు బాగా దగ్గరగా వచ్చి ఒక్కసారిగా తిరిగి మళ్ళీ లోపలికి దూసుకుపోయాయి.

అతన్ని పట్టుకున్నది తెరచాపల అందం కాదు, వాటికి చప్పుడు లేకపోవడం. అంత జోరుగా పోతున్న వస్తువుకు చప్పుడు ఉండి తీరాలని అతని ఒళ్ళంతా నమ్మి ఉంది. కుడి చెవి అటు తిప్పి విన్నాడు. నీళ్ళ గలగల తప్ప ఏమీ లేదు. మొక్కజొన్న పొత్తు చల్లారిపోయింది.

"ఇంజను ఎక్కడ పెట్టారండి?" అని పక్కన నిలబడి చూస్తున్న పెద్దమనిషిని అడిగాడు.

"ఉండదండి. గాలే."

"గాలికి ఇంత జోరేంటండి?" అన్నాడు చంద్రరావు, కాస్త కోపంగా, తన దగ్గర ఎవరో ఈ సంగతి ముప్పై నాలుగేళ్ళు దాచిపెట్టినట్టు.

నాలుగు రోజులకని వచ్చినవాడు పది రోజులున్నాడు. రోజూ పొద్దున్నే అన్నం తిని, పడవలను ఒడ్డుకు లాగి బాగుచేసే యార్డుకు పోయేవాడు. అక్కడ ఒక మూల, పాత టార్పాలిన్ కింద, పావురాల రెట్టలతో ఒక పడవ కనిపించింది. ఇరవై ఎనిమిది అడుగుల పొడవు. నడుము సన్నం. అడుగున కత్తిలా దిగిన సీసపు కీల్. పక్కన చెరిగిపోయిన అక్షరాల్లో 'తూనీగ' అని ఉంది. దాని మీద అట్ట ముక్క కట్టి ఉంది: అమ్మబడును. కింద ఫోన్ నంబరు.

ఫోన్ చేస్తే మణిశంకర్ గారు వచ్చారు. అమలాపురం దగ్గర ఊరు, ఓడల కార్ఖానాలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, డెబ్బై రెండేళ్ళు. ఈ పడవ మీద పదిహేనేళ్ళు పందేలు ఆడారు. గెలిచిన కప్పుల్లో రెంటిని ఆయన ఇంట్లో గరిటెలు పెట్టుకోవడానికి వాడతారని చంద్రరావుకు తర్వాత తెలిసింది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు పట్టుకుని దిగుతారు.

"ఏం చేస్తుంటారు?" అని అడిగారు ఆయన.

"పంటు సరంగునండి. నరసాపురం రేవు. ఈ మధ్యే దిగిపోయానండి."

మణిశంకర్ నవ్వలేదు. చంద్రరావుకు ఆయన అక్కడే నచ్చారు.

"ఇది పందేల పడవండి," అన్నారు ఆయన. "దీన్లో సుఖం ఉండదు. పడుకుంటే నడుము పట్టేస్తుంది, నిలబడితే తల తగుల్తుంది. ఇంతకు ముందు ఇద్దరు వచ్చారు. ఒకాయన హోటల్ ముందు అలంకారానికి కావాలన్నాడు. ఇంకో ఆయన తెరచాప కొయ్య పీకేసి పెద్ద ఇంజను పెట్టుకుంటానన్నాడు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపించేశాను. మీరేం చేస్తారు?"

"మా ఊరు తీసుకెళ్తానండి. అక్కణ్ణుంచి ఎటన్నా వెళ్తానండి. పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి ఇంకో ఊళ్ళో ఉండాలండి. పందేలు నాకొద్దండి. కానీ నెమ్మదిగా మాత్రం వెళ్ళనండి. నెమ్మదిగా చాలా ఏళ్ళు వెళ్ళాను."

"అయితే చూసుకోండి," అని మణిశంకర్ టార్పాలిన్ తీయించారు.

చంద్రరావు జేబులోంచి పదిరూపాయల బిళ్ళ తీశాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, జానెడు జానెడు చొప్పున పడవ ఒంటి మీద తట్టుకుంటూ, కుడి చెవి ఆనించి వింటూ నడిచాడు. గంటకు పైగా పట్టింది. అంతటా టకటకమని గట్టిగా పలికింది. వెనక, చుక్కాని పైన మాత్రం చప్పుడు మెత్తబడింది. నానిన బియ్యం డబ్బాను తట్టినట్టు.

"ఇక్కడ నీళ్ళు తాగిందండి. జానెడు మేర," అన్నాడు.

"నాకు తెలుసు," అన్నారు మణిశంకర్. "మీకు తెలుస్తుందో లేదో చూద్దామని చెప్పలేదు."

ఆ తర్వాత ఆయన ఏదీ దాచలేదు. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు పాతబడ్డాయి, అన్నీ మార్చాలి. సీసపు కీల్‌ను పట్టుకున్న బోల్టులు ఊడదీసి చూడాలి. చుక్కాని ఇరుసు వదులైంది. తెరచాపల్లో రెండు బతికి ఉన్నాయి, ఒకటి చచ్చిపోయింది. "ఎముకలు గట్టివండి. కీళ్ళే చూసుకోవాలి. నాలాగే," అన్నారు. ధర ఒక పాత కారు పాటి చెప్పారు. ఎప్పుడో షాపులు కట్టుకుందామని కొన్న ఐదు సెంట్ల స్థలం చంద్రరావుకు ఉంది. దాన్ని అమ్మేశాడు.

సంగతి విని వీరమ్మ రైలెక్కి వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. నిచ్చెన ఎక్కి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పడవ లోపలికి దిగి నాలుగు మూలలూ చూసింది.

"ఇందులో పొయ్యి ఏదండి?" అని అడిగింది మణిశంకర్ గారిని.

"లేదమ్మా."

"మంచం?"

"ఆ గొట్టాలకు గుడ్డ కట్టి ఉంది చూశారా? అదేనమ్మా."

"మరి మరుగు?"

మణిశంకర్ గారి చూపు మూలనున్న బకెట్టు మీదికి పోయి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

"మరుగు లేకపోతే నేను రాను," అంది వీరమ్మ. "నేను రాకపోతే ఈయన వెళ్ళరు."

"అలా అని నేనెప్పుడన్నానే?" అన్నాడు చంద్రరావు.

"మీరనలేదు. నేనంటున్నాను."

అప్పటిదాకా చంద్రరావు ఆమె వస్తుందనే అనుకోలేదు. రాదని తనే తీర్మానించుకుని, ఆ మాట ఎలా చెప్పాలా అని నాలుగు రోజులు మథనపడ్డాడు. ఇప్పుడు ఆమె మరుగు కోసం పోట్లాడుతుంటే అతనికి నవ్వు వచ్చింది. నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

తుపాన్ల కాలం అంతా పడవ గట్టు మీదే ఉండి మరమ్మతు చేయించుకుంది. నీళ్ళు తాగిన చోట కోసి, ఆరబెట్టి, కొత్తగా పూత వేశారు. ఉక్కు తీగలన్నీ మార్చారు. ఇక సామాను సంగతి వచ్చింది. మణిశంకర్ ఒక కొక్కెం కాటా తెచ్చి పడవ పక్కన వేలాడదీశారు. లోపలికి వెళ్ళే ప్రతి వస్తువూ ముందు దాని మీద ఎక్కాలి. "బరువెక్కించారా, వేగం పోయినట్టే. వేగం వద్దనుకుంటే ఈ పడవే వద్దు," అనేవారు. ఆయన లెక్కలో ఇత్తడి బిందె పోయింది, ఇడ్లీ పాత్ర పోయింది, రెండు బొంతల్లో ఒకటి పోయింది. వీరమ్మ ఒక్కొక్కటీ వదులుకుంది. ఆఖరికి భర్త ఇనప పెట్టెను తనే ఈడ్చుకొచ్చి కాటాకు తగిలించింది. పంటు ఇంజను పానాలు అవి. ఇరవై రెండు కిలోలు తూగాయి.

"గాలి లేనప్పుడు వెనకాల తగిలించుకునే ఆ చిన్న మోటారుకు ఇన్ని పానాలేంటండి?" అంది.

చంద్రరావు నాలుగు పానాలు ఏరుకుని, పెట్టెను అల్లుడింటికి పంపించాడు. చివరికి పడవలోకి చేరినవి: ఒంటి పొయ్యి, పల్చటి పరుపులు రెండు, ముక్కు వైపు తెర కట్టిన చిన్న మరుగు, నీళ్ళ డబ్బాలు, ఆవకాయ. ఆవకాయ డబ్బాను వీరమ్మ కాటా దగ్గరికే పోనివ్వలేదు. మణిశంకర్ కూడా అడగలేదు. కోనసీమ మనిషి.

నేర్చుకోవడం అంత తేలిగ్గా సాగలేదు. మొదటి రోజు గాలి కాస్త గట్టిగా తగిలి తూనీగ పక్కకు ఒరగగానే చంద్రరావుకు పంటు గుర్తొచ్చింది. పంటు ఒరిగిందంటే అర్థం ఒక్కటే: మనుషులు పోతారు. ఆలోచన కన్నా ముందు అతని చేతులు కదిలాయి. చుక్కాని వదిలేసి, దొరికిన తాడు విప్పేసి, రెండో పక్కకు గెంతాడు. అది విప్పకూడని తాడు. తెరచాప పటపటా కొట్టుకుని, అడ్డకొయ్య మణిశంకర్ గారి తల మీది నుంచి వెంట్రుకవాసిలో పోయింది.

"చంద్రరావు గారూ," అన్నారు ఆయన, కూర్చున్న చోటి నుంచి లేవకుండా, "ఇది పడిపోతున్నట్టు ఉంటుందంతే. పడదు. కింద టన్నున్నర సీసం ఉంది. ఒరిగినప్పుడే ఇది పరిగెడుతుంది."

చంద్రరావుకు తల కొట్టేసినట్టయింది. నీళ్ళ మీద పెరిగి పెద్దయినవాడు నీళ్ళ మీద భయపడ్డాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఒరిగినప్పుడల్లా పళ్ళు బిగపట్టి కూర్చోవడం ముందు నేర్చుకున్నాడు. పళ్ళు వదులు చేయడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.

వీరమ్మకు ఆ గొడవే లేదు. పెద్ద తెరచాప తాడు ఆమె చేతికిస్తే, చూపుడువేలి మీద వేసుకుని కొంచెం లాగి, కొంచెం వదిలి చూసేది. "ఇక్కడ పట్టు దొరికిందండి," అనేది. ఆమె అన్నప్పుడల్లా పడవ ఒక్క విసురు ముందుకు పోయేది. నలభై ఏళ్ళు దారం బిగువును వేళ్ళతోనే కొలిచిన మనిషి. మణిశంకర్ గారు ఒకటి రెండుసార్లు తన తప్పు ఆమెను అడిగి దిద్దుకున్నారు.

మాఘమాసంలో బయల్దేరారు. తేదీ పెట్టినవాడు పల్లంరాజు. అంతర్వేది దగ్గర పల్లిపాలెంలో చేపల పడవ నడుపుతాడు, చంద్రరావుకు చిన్ననాటి నేస్తం. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక ఎప్పుడు ఎటు మేట వేసిందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఫోన్లో అడిగాడు:

"నీ పడవ ఎంత లోతు దిగుద్ది బావా?"

"ఐదున్నర అడుగులు."

"కింద గునపం కట్టుకున్నావేంటి? మా మర పడవలు మూడడుగులు దిగవు. మొగలో ఇప్పుడు మామూలు పోటుకు ఐదే. పున్నమి పోటుకు ఆరు. మాఘ పున్నమికి, పొద్దున్న తొమ్మిది ముందు, నేను ఎదురొస్తాను. ఇంకెప్పుడొచ్చినా ఇసకలో పాతుకుపోతావు. తీర్థానికొచ్చిన జనం అంతా చూస్తారు కూడా."

మొదటి రోజు ముగ్గురూ విశాఖ నుంచి కాకినాడకు. తెల్లవారుజామున రేవు దాటారు. ఎండ ఎక్కేసరికి ఈశాన్యపు గాలి వెనక నుంచి పట్టుకుంది. తూనీగ అలల వీపు మీద ఎక్కి జారడం మొదలుపెట్టింది. ప్రతి జారుకీ చంద్రరావుకు పల్లం దిగే బస్సులో కూర్చున్నట్టయ్యేది. గంటకు ఎనిమిది మైళ్ళు, తొమ్మిది, ఒక పెద్ద అల మీద పన్నెండు. అతను మాట్లాడబోయి, ఎప్పటిలా గొంతెత్తి, ఎత్తక్కర్లేదని తెలిసి ఆగిపోయాడు. తర్వాత మామూలు గొంతుతో, పక్కింటి మనిషితో అరుగు మీద మాట్లాడినట్టు, "వీరమ్మా, మంచినీళ్ళు," అన్నాడు.

వీరమ్మ అతని మొహం వంక చిత్రంగా చూసింది. ఆ గొంతు ఆమె పెళ్ళయిన కొత్తలో విన్నది.

సాయంత్రానికి కాకినాడ చేరారు. ఒడ్డు ఎక్కాక మణిశంకర్ తన సంచి భుజాన వేసుకున్నారు.

"నేను ఇక్కడ దిగిపోతానండి. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. రైల్లో నరసాపురం వచ్చి మీ రేవులో కూర్చుంటాను."

"మేమిద్దరమే ఎలాగండి?" అన్నాడు చంద్రరావు.

"ఇద్దరికి సరిపోతుందనే కదా మీకు అమ్మాను." ఆయన వెళ్ళబోతూ ఆగి, తూనీగ ముక్కు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు. తర్వాత వెనక్కి చూడకుండా ఆటో ఎక్కారు.

రెండో రోజు మొగుడూ పెళ్ళామే. మధ్యలో ఒకసారి తెరచాప తాడు చిక్కుపడింది, ఒకసారి వీరమ్మ వండిన ఉప్మా పొయ్యి మీది నుంచి ఎగిరి చంద్రరావు ఒళ్ళో పడింది. గాలి మాత్రం చెయ్యి విడవలేదు. సాయంత్రం నాలుగింటికి అంతర్వేది దీపస్తంభం కనిపించింది. పాటు తీసి నీళ్ళు తగ్గి ఉన్నాయి. మొగలో ఇసుక మేటల మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. ఇల్లు కనిపిస్తూ లోపలికి వెళ్ళలేకపోవడం చంద్రరావుకు ఒళ్ళు మండేలా చేసింది. అయినా బయటే లంగరు వేసి తెల్లారేదాకా ఉన్నారు.

పొద్దున్న ఎనిమిది దాటాక పల్లంరాజు మర పడవ ఎదురొచ్చింది. ముందు గెడ పట్టుకున్న మనిషి లోతు చూస్తూ చెప్తున్నాడు. తీరం పొడుగునా పున్నమి స్నానాలకు వచ్చిన జనం. పల్లంరాజు వెళ్ళిన జాడలోనే తూనీగ వెళ్ళింది. సగం దూరం బాగానే సాగింది. అంతలో కింద నుంచి ఒక మెత్తటి గుద్దు. పడవ ఆగిపోయింది. అల వచ్చి ఎత్తి మళ్ళీ దించింది. ఈసారి గుద్దు మెత్తగా లేదు. పడవ పైనుంచి కింద దాకా అదిరింది.

"పోటు ఇంకా అరగంట ఎక్కాలి బావా. తొందరపడ్డాం," అని పల్లంరాజు కేక వేశాడు. "తాడు విసరనా?"

అరగంట ఇలా కొట్టుకుంటే కీల్ బోల్టులు నిలవవని చంద్రరావుకు తెలుసు. తాడు కట్టి లాగితే ఇంకా లోపలికి దిగబడుతుంది. వెనక్కి చూశాడు. పెద్ద అలలు మూడు వరసగా వస్తున్నాయి. గాలి కుడి పక్క నుంచి తగులుతోంది.

"వీరమ్మా, తాడు బిగించు. బాగా."

"బాగా అంటే ఒరిగిపోద్దండి."

"ఒరగాలి. ఒరిగితే కింద కీల్ ఇసక వదిలేస్తుంది. బిగించి ఇటు రా."

ఆమె బిగించింది. తెరచాప నిండా గాలి పట్టింది. తూనీగ ఎడమ పక్కకు వాలడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఆ వాలుతున్న పక్కకే జరిగి, ఉక్కు తీగలు పట్టుకుని, ఒంటి బరువంతా నీళ్ళ మీదికి వేలాడేశారు. చంద్రరావు ఒక కాలితో చుక్కాని తన్ని పట్టాడు. పడవ అంచు నీళ్ళలోకి మునిగింది. ఆమె చీర చెంగు తడిసింది. పల్లంరాజు పడవలో వాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పుడు మొదటి అల వచ్చింది, పడవ కదిలింది. రెండో అలకు కింద ఇసుక బరబరా గీసుకున్న చప్పుడు వినిపించింది. మూడో అల వాళ్ళను ఎత్తి, మేట దాటించి, లోతు నీళ్ళలో వదిలేసింది.

తాడు వదలగానే తూనీగ నిటారుగా లేచింది. చంద్రరావు చుక్కానిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. వీరమ్మ చెంగు పిండుకుంటూ ఒడ్డు వైపు చూసింది. మొలలోతు నీళ్ళలో నిలబడ్డ ఆడవాళ్ళు కొందరు, ఇది కూడా ఉత్సవంలో భాగమేననుకుని, పడవకు దణ్ణం పెడుతున్నారు. ఆమె కూడా తిరిగి దణ్ణం పెట్టింది. ఇంకేం చెయ్యాలో తెలియక.

గోదావరి మీద పోటుతోపాటు పైకి వచ్చారు. నరసాపురం దగ్గర కొత్త పంటు జనాన్ని ఎక్కించుకుని అడ్డంగా వస్తోంది. సరంగు హారన్ కొట్టాడు. చంద్రరావు తెరచాప వదులు చేసి ఆగి, దానికి దారి ఇచ్చాడు. పంటు మీద ఉన్నవాళ్ళంతా ఒక పక్కకు వచ్చి ఫోన్లు ఎత్తారు. ఎవరో "అది మన చంద్రరావేనర్రా," అనడం కుడి చెవికి పడింది.

రేవు మెట్ల మీద మణిశంకర్ కూర్చుని ఉన్నారు, చేతిలో కాఫీ గ్లాసు.

"తగిలిందా?" అని అడిగారు.

"తగిలిందండి. మొగలో."

"ఎలా బయటపడ్డారు?"

"ఒరగబెట్టామండి."

మణిశంకర్ గ్లాసు కింద పెట్టారు. "అది నేను మీకు నేర్పలేదే."

"లేదండి. వేసవిలో పంటు మెరక ఎక్కితే, వ్యాన్లన్నీ ఒక పక్కకు తోయించేవాళ్ళమండి. రెండో పక్క తేలేది. అలా జరుపుకుంటూ దింపేవాళ్ళం. అదే గుర్తొచ్చింది."

ఆయన మోకాళ్ళు పట్టుకుని రెండు మెట్లు దిగి, తడి పడవను ముక్కు నుంచి వెనక దాకా చూసుకున్నారు. "మంచి చోటికే వచ్చింది," అన్నారు. పులస దొరికే కాలం కాదు కాబట్టి, దొరికినా ఆయన చేపలు తినరు కాబట్టి, ఆ రోజు వీరమ్మ ఇంట్లో పనసపొట్టు కూర వండింది. ఆయన రెండోసారి వడ్డించుకున్నారు.

అది జరిగి రెండేళ్ళయింది. పున్నమికీ అమావాస్యకీ మాత్రమే తూనీగ మొగ దాటగలదు. అందుకని చంద్రరావు ఇంట్లో క్యాలెండరును సముద్రమే నడుపుతుంది. పున్నమికి వెళ్తే అమావాస్యకు తిరిగొస్తారు. తిథి కలవకపోతే పెళ్ళి పిలుపులకు కూడా వెళ్ళరని చుట్టాల్లో చిన్న అపవాదు ఉంది. కాకినాడ రెండుసార్లు, నిజాంపట్నం ఒకసారి వెళ్ళొచ్చారు. వీరమ్మ లేసు పని ఆగలేదు. గాలి నిలకడగా ఉన్న రోజున తాడు కట్టేసి, నీడన కూర్చుని అల్లుకుంటుంది. ఉప్పు గాలికి దారం బిరుసెక్కుతుందని ఒక్కటే ఆమె ఫిర్యాదు. రేవు కాంట్రాక్టరు ఒకసారి ఇంటికి వచ్చి, టూరిస్టులను ఎక్కించి అరగంట అరగంట తిప్పుదామన్నాడు. చంద్రరావు ఆయనకు మజ్జిగ ఇచ్చి, "వద్దండి," అన్నాడు.

మొన్న మాఘంలో బందరు వెళ్ళారు. నరసాపురం నుంచి ఏడు గంటలు. లోతు లేదని బయటే లంగరు వేసి, చేపల పడవ మీద ఒడ్డుకు చేరేసరికి, తీర గస్తీ పోలీసుల ఎస్సై ఒకాయన కాగితాలు అడిగాడు. అన్నీ చూశాడు. అన్నీ ఉన్నాయి. పుస్తకంలో వివరాలు రాసుకుంటూ పడవ పేరు, మనుషుల పేర్లు, బయల్దేరిన చోటు అడిగాడు. తర్వాత కలం ఆపి తల ఎత్తాడు.

"ప్రయాణం దేనికండి? ఏం పని మీద వచ్చారు?"

ఆ గడిలో రాయదగిన పని ఏదీ చంద్రరావుకు తోచలేదు.

"లడ్డూలు కొనుక్కుందామని వచ్చాం బాబూ," అంది వీరమ్మ.

ఎస్సై ఆమెను చూశాడు. దూరంగా ఊగుతున్న సన్నటి తెల్ల పడవను చూశాడు. పుస్తకంలో 'లడ్డూల కొనుగోలు' అని రాసి, సంతకం పెట్టి, ఏ దుకాణంలో ఆ పూట చేసినవి దొరుకుతాయో దారి చెప్పాడు.